మూడు తెరల కారు

మా బావగారు కరెంటాఫీసు ఉద్యోగం వదిలేసి హైదరాబాదులో వీడియో గేముల షాపు పెడతానన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఆయన్ని ఆపలేదు. ఆపాల్సింది. కానీ అవి తొంభైల చివరి రోజులు. మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల బిల్డింగు కొత్తగా లేచింది. చుట్టూ బండరాళ్ళు, మేకలు, ఆ మేకల మధ్యలోంచి మెళ్ళో కార్డులు వేలాడేసుకుని నడిచి వెళ్ళే మాలాంటివాళ్ళు. సాయంత్రమైతే మాకు వెళ్ళడానికి ఎక్కడా ఏమీ లేదు. కాబట్టి బాంబే హైవే పక్కన మదీనాగూడలో గేముల షాపు పెడితే జనం విరగబడతారని బావగారు లెక్క కట్టారు. ఆ లెక్క ఆయన తెనాలిలో కూర్చుని కట్టారు.

నేను ఆ గుండ్రటి బిల్డింగులోనే పనిచేసేదాన్ని. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. అది నా స్వభావానికి అతికినట్టు సరిపోయిందని మా ఆయన అనేవాడు. మా ఆయనది కడప. తెల్లాపూర్ వైపు పొలాలని ప్లాట్లు కొట్టి అమ్మేవాడు. ఒకరోజు ప్లాట్లు అమ్ముకోవడానికి మా ఆఫీసు క్యాంటీన్‌కి వచ్చి, ఒక్కటీ అమ్మలేక, చివరికి నన్ను పెళ్ళి చేసుకున్నాడు.

మా అక్క తెనాలి పక్కన జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు టీచరు. హెడ్మాస్టరు పోస్టు ఖాళీగా ఉండటంతో ఆ పెత్తనం కూడా తనే చూసేది. వాళ్ళబ్బాయి అక్కడికి దగ్గర్లోనే రెసిడెన్షియల్ కాలేజీలో చదువుతున్నాడు. బావగారి వెంట రావడానికి అక్క జీతం లేని సెలవు పెట్టింది. అమ్మ పోయిన దగ్గర్నుంచీ నాన్న అక్కవాళ్ళతోనే ఉండేవారు కాబట్టి ఆయనా వచ్చారు. మదీనాగూడలో కిరాయికి ఇల్లు, ఆ ఇంటికి రెండిళ్ళ అవతల షాపుకని ఒక షట్టరు గది. సామాను దించిన రోజే అక్క బావగారితో తేల్చి చెప్పింది.

"బళ్ళు తెరిచేలోపు మీ గేముల మిషన్ నడిస్తే రాజీనామా ఇచ్చేసి ఇక్కడే ఉంటాను. నడవకపోతే మాత్రం నేను వెళ్ళి జాయినైపోతాను. తర్వాత మీ ఇష్టం."

"నడవకేం చేస్తుందండీ, దివ్యంగా నడుస్తుంది" అన్నారు బావగారు. ఆయన భార్యని కూడా అండీ అనే రకం.

ఆ మిషన్ నడవాలని బావగారికంటే నేనే ఎక్కువ కోరుకున్నాను. గేముల మీద మోజు నాకు ఏ కోశానా లేదు. పదో తరగతి అవగానే నన్ను హాస్టల్లో పడేశారు. అప్పట్నుంచీ అక్క అంటే నాకు సెలవుల్లో కనిపించే మనిషి. ఇప్పుడు ఆఫీసు అవగానే షేర్ ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని మదీనాగూడ వస్తే, అక్క వంటింట్లో ఉండేది. గట్టెక్కి కూర్చుని, తను ఏం పెడితే అది తిని, ఆఫీసులో ఒక్కొక్కళ్ళనీ పేరు పేరునా తిట్టుకుని, గుండె తేలికయ్యాక ఇంటికి పోయేదాన్ని. ఆ సుఖం మళ్ళీ పోతుందేమోనని నాకు నిజంగా భయంగా ఉండేది. అందుకే ఆదివారాలు నిద్ర మానుకుని ఆ మిషన్ ముందు చతికిలబడ్డాను.

ఇంతకీ ఆ మిషన్ సంగతి చెప్పాలి. బొంబాయిలో ఏదో గేముల హాలు మూతపడితే, అక్కడి సామాను అమ్ముతున్నారని మా ఆయనకి ఎవరో చెప్పారు. అందులో ఒక కారు ఆట ఉంది. నిజం కారులో ఉన్నట్టే సీటు, స్టీరింగు, తొక్కడానికి బ్రేకు. ఎదురుగా ఒక తెర, కుడి ఎడమల రెండు తెరలు. సీట్లో కూర్చుంటే రోడ్డు ముందునుంచీ పక్కలనుంచీ మన మీదికి వస్తుంది. అయితే ఆ రోజుల్లో లోపలుండే ఎలక్ట్రానిక్ బోర్డు ఒక్కదానికే అంత బొమ్మ వేసే సత్తువ లేదు. మూడు తెరల పనీ దాని మీదే పెడితే కారు ఎడ్లబండిలా కదులుతుంది. అందుకని దాన్ని తయారుచేసిన జపాను వాళ్ళు మూడు బోర్డులు పెట్టి, తీగలతో ముడేశారు. తెరకొక బోర్డు. మూడూ పని పంచుకుంటాయి.

కొనేటప్పుడు డబ్బు ఒకచోట పోసి కొనచ్చు కదా. మా ఇంట్లో అది కుదరదు. వెనక ఎప్పుడో అందరూ కలిసి ఒక స్థలం కొని, ఆ తర్వాత రెండేళ్ళు మాటల్లేకుండా ఉన్నారు. ఈసారి అలాంటిదేమీ జరక్కూడదని పెద్దమనుషులు ముగ్గురూ కూర్చుని తెలివైన పద్ధతి ఒకటి కనిపెట్టారు. సీటూ తెరలూ షాపువి. బోర్డులు మాత్రం ఎవరిది వాళ్ళు కొనుక్కోవాలి. నాన్న ఒకటి, బావగారు ఒకటి, మా ఆయన ఒకటి. ఎవరిది వాళ్ళకే సొంతం, కాబట్టి గొడవే రాదు. బోర్డులు వచ్చిన రోజు నాన్న అవి ఉన్న మూడు ఇనప పెట్టెలకీ పసుపు రాసి, బొట్లు పెట్టి, స్కెచ్ పెన్నుతో ఎవరి పేరు వాళ్ళ పెట్టె మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు.

మొదటి ఆదివారం నేను మిషన్ వెనక తలుపు తీసి, ముగ్గుర్నీ కూర్చోబెట్టి, నాకు తెలిసిందంతా విడమరిచి చెప్పాను.

"బోర్డులు మూడూ అచ్చు ఒకటే. కానీ మూడూ కలిసి పనిచెయ్యాలంటే ఒకటి పెద్దరికం చెయ్యాలి. స్టీరింగు ఎటు తిప్పారు, బ్రేకు తొక్కారా లేదా అన్నది అదొక్కటే చూస్తుంది. చూసి మిగతా రెండింటికీ చెబుతుంది. అవి దాని మాట విని తమ వంతు బొమ్మ వేస్తాయి. ఇదుగో, ప్రతి పెట్టెకీ ఇక్కడొక చిన్న మీట ఉంది. పైకి ఉంటే పెద్ద బోర్డు. కిందికి ఉంటే చెప్పిన మాట వినే బోర్డు."

ముగ్గురూ గంగిరెద్దుల్లా తలలూపారు. నేను చేతికి దగ్గరగా ఉన్న బావగారి బోర్డు మీట పైకి పెట్టి, మిగతా రెండూ కిందికి దించాను. కరెంటు ఎక్కువ తక్కువలు కాకుండా చూసే స్టెబిలైజరు ఇంకా రాలేదు. వచ్చే ఆదివారం వేసి చూద్దాం అనుకుని తలుపు మూశాం. నాన్న వెళ్తూ వెళ్తూ, "అల్లుడుగారిదా పెద్దది? మంచిదే, మంచిదే" అన్నారు. నాన్న రెండుసార్లు మంచిదే అన్నారంటే అది మంచిది కాదని నాకు అప్పుడే తట్టాల్సింది.

తర్వాతి ఆదివారం స్టెబిలైజరు వచ్చింది. కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేశాం. మూడు తెరలూ వెలిగాయి. మూడింటి మీదా 'నెట్‌వర్క్ చెకింగ్' అని ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. పక్క బోర్డులు ఉన్నాయా లేవా అని వెతుకుతోందని దానర్థం. వెతకనీ అని అందరం నిలబడ్డాం. కొబ్బరి ముక్కలు తినడం అయింది. అది వెతుకుతూనే ఉంది. బెల్లం కొట్టిన రాయిలా ఉలుకూ పలుకూ లేదు.

నేను తీగలు విప్పి మళ్ళీ పెట్టాను. కొసలు స్పిరిట్‌తో తుడిచాను. తీగలు అటువి ఇటు, ఇటువి అటు మార్చాను. ఆ పై ఆదివారం స్టెబిలైజరు మార్పించాను. బొంబాయికి ఫోను చేస్తే వాళ్ళు "ఇక్కడున్నప్పుడు నడిచింది మేడమ్" అన్నారు. నా తలప్రాణం తోకకొచ్చింది. అన్నీ చూశాను, మీటలు తప్ప. నా చేత్తో నేను పెట్టిన మీటల్ని మళ్ళీ చూడాలని నాకెందుకు తోస్తుంది?

విచిత్రం ఏమిటంటే, మిషన్ నడవకపోయినా ముగ్గురు మగవాళ్ళూ నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నారు. నాన్న పేపరు చదువుకునేవారు. బావగారు షట్టరు మీద షాపు పేరు ఏ రంగులో రాయించాలా అని ఆలోచించేవారు. మా ఆయన, "పరేషాన్ గాకు మే, అదే నడుస్తాది" అనేవాడు. కడప మాటలో హైదరాబాదు మాట కలిపి నా మీద ప్రయోగించడం అతనికి అప్పుడే అలవాటవుతోంది. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నది నేనొక్కదాన్నే. అక్క ఏమీ అనేది కాదు. మే నెల ఎండలో పెరట్లో వడియాలు పెట్టి, ఎండాక వాటిని రెండు డబ్బాల్లో సర్దింది. ఒకటి ఇక్కడికి, ఒకటి తెనాలికి. ఆ రెండో డబ్బా కనపడకుండా నేను గుడ్డ కప్పాను.

అసలు విషయం బయటపెట్టింది షట్టరు ఓనరమ్మ. ఆవిడ మా షట్టరుకి ఎదురుగా మంచం వేసుకుని, చిక్కుడుకాయలు ఒలుస్తూనో, కోడళ్ళని తిడుతూనో, పొద్దస్తమానం అక్కడే ఉండేది. ఓ శనివారం మధ్యాహ్నం నేను వస్తుంటే పిలిచింది.

"ఏందమ్మా, గా డబ్బ ఇగ నడ్వదా? అందరు ఊకె దాని ఎన్కనే ఉంటరు."

"అందరూ ఎవరండీ? నేనొక్కదాన్నే కదా చూస్తున్నది."

"నువ్వు ఐతారం వస్తవ్. గాళ్ళు దినాం వస్తరు. మీ నాయన పొద్దుగాల వస్తడు. మీ బావ అన్నం తిన్నంక వస్తడు. నీ మొగడు గిట్ల బండి ఆపి, గిట్ల లోపటికి వోయి, గిట్ల వస్తడు. ముగ్గురిదీ గంతే. ఎన్క తలుపు తీస్తరు, ఏందో టక్కుమనిపిస్తరు, చేతులు దులుపుకుంట పోతరు. దొంగతనమా ఏంది అనుకున్న. మల్ల ఎవని డబ్బకు వాడే దొంగైతడా అని ఊకున్న."

నేను సంచీ అక్కడే పడేసి మిషన్ వెనక తలుపు తీశాను. మూడు మీటలూ పైకే ఉన్నాయి. ఎవరి మీట వాళ్ళు పైకి నొక్కి, అది అలాగే ఉందో లేదో రోజూ వచ్చి చూసుకుని పోతున్నారన్నమాట. మూడూ పెద్ద బోర్డులే. మూడూ తక్కిన రెండింటికీ ఆజ్ఞలిద్దామని కూర్చున్నాయి. వినేది ఒక్కటీ లేదు.

నాకు ఎంత ఒళ్ళు మండిందంటే, అక్కడే నిలబడి కాసేపు నవ్వాను. ఓనరమ్మ భయపడి మంచినీళ్ళు తెచ్చింది.

మర్నాడు ముగ్గుర్నీ షట్టర్లో నిలబెట్టి అడిగాను. ముందు నాన్న గొంతు సవరించుకున్నారు.

"నేను మాట్లాడితే బావుండదు గానీ అమ్మా, ఇప్పటికే అల్లుడుగారింట్లో తింటున్నాను, అల్లుడుగారింట్లో పడుకుంటున్నాను. చివరికి నా బోర్డు కూడా వారి బోర్డు చెప్పినట్టు వినాలంటే ఎలాగ?"

"మామయ్యగారిది పెద్దదైతే నాకేం అభ్యంతరం లేదండి" అన్నారు బావగారు. "ఎంతైనా పెద్దవారు. కానీ షాపు నాది కదండీ. రేపు మా కరెంటాఫీసు వాళ్ళెవరైనా వస్తే, ఏమోయ్ ఇల్లరికం వెళ్ళావా అంటారండి."

"కరెంటాఫీసు వాళ్ళు తెనాలినుంచి వచ్చి, మిషన్ వెనక తలుపు తీసి, మీట ఎటుందో చూస్తారా బావగారూ?"

"చూడరు. కానీ నాకు తెలుస్తూ ఉంటుంది కదండీ."

నేను మా ఆయన వైపు తిరిగాను. కనీసం ఇతనైనా సిగ్గుపడతాడని ఆశ.

"నాకేం లేదబ్బా. యాడ పెట్టినా నాకొకటే. కాకుంటే పెళ్ళైన కొత్తలో మీ ఊరికొస్తే మీవాళ్ళు అన్నను మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్టినారు. నేనేమన్నా అన్నానా? అన్లా. ఇప్పుడు బోర్డు కాడ కూడా అట్లనే అంటే మాత్రం నా బోర్డు నేను తీసుకొని పోతా."

అన్న అంటే బావగారు. ఆ పంక్తి సంగతి నాకప్పటిదాకా తెలియదు. ఇన్నాళ్ళూ దాన్ని కడుపులో దాచుకున్న మనిషిని చూసి నాకు జాలి వెయ్యాలి. వెయ్యలేదు.

"నా బోర్డు పెద్దది చేసినా, నేను మీ ఎవరి మీదా పెత్తనం చెయ్యను గదా" అన్నారు నాన్న.

"అదే మాట నేనూ అంటున్నానండి" అన్నారు బావగారు.

అలా ఒకరినొకరు గౌరవించుకుంటూ ఒక్క అంగుళం కూడా కదల్లేదు. బళ్ళు తెరిచే రోజు ముంచుకొచ్చేసింది. జపాన్లో ఆ బోర్డులు చేసినవాళ్ళకి అల్లుళ్ళు ఉండరా అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

అప్పటికి అక్క పునుగులు వేసి పళ్ళెంలో పెట్టుకుని షట్టర్లోకి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి కాసేపు విన్నది. విని, ఒక్కొక్కరికీ పునుగులు పెడుతూ అంది.

"పోనీ ఒక పని చెయ్యండి. నాన్నది పెద్ద బోర్డు చేసి, మీది నా పేర పెట్టండి, మరిదిగారిది చెల్లి పేర పెట్టండి. తండ్రి చెప్పినట్టు కూతుళ్ళు వింటే ఎవరికీ నామోషీ ఉండదు."

ఆ గొంతు నాకు తెలుసు. హోంవర్కు చెయ్యని పిల్లాడితో, "పోనీ నేనే రాసిపెట్టనా నాయనా?" అనే గొంతు అది. ఆ గొంతు వింటే తొమ్మిదో తరగతి వెధవాయిలు కూడా తల దించుకుంటారు. నేను ముగ్గురి మొహాలూ చూశాను. ఎవరో ఒకరు ఛ, అదేం మాట అంటారనుకున్నాను.

నాన్న మొహం విప్పారింది. "అవునే! నాకిది తట్టనే లేదు చూడు!"

"ఇంక సమస్యే లేదండి" అన్నారు బావగారు. ఆయన గుండెల మీంచి బరువు దిగిపోవడం కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

"వదినా, నువ్వుండాల్సింది అసెంబ్లీలో" అన్నాడు మా ఆయన.

వారాల తరబడి తెగనిది పునుగులు చల్లారేలోపు తెగిపోయింది. నాన్న తడిగుడ్డతో రెండు పెట్టెల మీద పేర్లు తుడిచి, అంతే ముత్యాల్లాంటి అక్షరాలతో అక్క పేరూ నా పేరూ రాశారు. నేను నోరు తెరవబోయాను. అక్క నా కాలు మీద కాలు వేసి గట్టిగా నొక్కింది.

"పెట్టు మీటలు" అంది.

పెట్టాను. నాన్నది పైకి. అక్కదీ నాదీ కిందికి.

స్విచ్చి వెయ్యగానే అక్షరాలు వచ్చాయి, పోయాయి. మూడు తెరలూ ఒక్కసారి చీకటయ్యాయి. తర్వాత ఎడమ తెర మీద సముద్రం, ఎదురుగా రోడ్డు, కుడి తెర మీద కొండ, వాటన్నిటి మీదా ఎక్కడా అతుకు కనపడకుండా ఒకటే ఆకాశం. మా ఆయన ఈల వేశాడు. బావగారు కళ్ళు తుడుచుకున్నారు, దానికి ఆయన్ని నేనేమీ అనను.

పెద్ద బోర్డు తనదే కాబట్టి ముందు నాన్న కూర్చున్నారు. ఆయన జన్మలో సైకిలు తప్ప మరొకటి నడపలేదు. మలుపు వచ్చినప్పుడల్లా స్టీరింగు వదిలేసి, వెనకవాళ్ళకి తెలియాలని కుడి చెయ్యి బయటికి చాపేవారు. మూడో మలుపు దగ్గర కారు ఎగిరి సముద్రంలో పడింది. "అగో, నీళ్ళల్ల వడ్డది!" అని ఓనరమ్మ చప్పట్లు కొట్టింది. అందరం కొట్టాం.

ఆఖర్న అక్క కూర్చుంది. తను ఎవరితోనూ పోటీ పడలేదు. వెనకనుంచి ఎర్ర కార్లు దాటిపోతుంటే పోనిచ్చింది. నెమ్మదిగా కొంతదూరం నడిపి, రోడ్డు పక్కన బండి ఆపి, సముద్రం వైపు చూసింది.

"ఇందులో నాది ఏదే?"

"ఎడమ పక్కది. నువ్వు చూస్తున్నదే. సముద్రం."

"నాది ఊడితే ఏమవుతుంది?"

"మొత్తం ఆగిపోతుంది. పెద్దది ఒక్కటే నడవలేదు. మళ్ళీ మొదటికొచ్చి, నీకోసం వెతుక్కుంటూ కూర్చుంటుంది."

"ఓహో" అంది అక్క.

మంచిరోజు చూసి షాపు తెరిచారు. బావగారి లెక్క నిజమే అయింది. మా బిల్డింగు వాళ్ళు కార్డులతో సహా వచ్చి పడ్డారు. రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చుని అలిసిపోయి, సేద తీరడానికి ఇంకో కంప్యూటరు ముందు లైను కట్టారు. బావగారు కొత్త పెళ్ళికొడుకులా గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. నేను ఆఫీసులో తిట్లన్నీ పోగేసుకుని సాయంత్రం ఉత్సాహంగా అక్క వంటింట్లోకి వచ్చేసరికి, అక్క సూట్‌కేసు సర్దుతోంది.

"నడిచిందిగా అక్కా!"

"నడిచింది."

"నడిస్తే ఉంటానన్నావుగా!"

"అన్నాను. కూర్చో, అరవకు." అక్క చీర మడత పెట్టడం ఆపలేదు. "ఆవేళ నేనన్నది వేళాకోళానికని నీకు తెలిసిందా లేదా?"

"తెలిసింది."

"నీకు తెలిసింది. వాళ్ళకి తెలియలేదు. ముగ్గురిలో ఒక్కళ్ళైనా వద్దంటారేమోనని పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. మీ బావ చట్నీ ఏదండీ అని అడిగారు."

నేను సూట్‌కేసు నా వైపు లాక్కున్నాను.

"వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు" అంది అక్క. "మీ బావ బంగారం. కానీ అక్కడ నేను చెబితే బెల్లు కొడతారు, ఆ బెల్లు కొడితే బడి మొదలవుతుంది. అది వదిలేసి ఇక్కడ కూర్చుంటే నా మీట ఎటు పెడతారో నాకు తెలిసిపోయింది. తెలిశాక ఎలా ఉంటానే?"

"మరి నేనో?" అన్నాను. చిన్నపిల్లలా అన్నాను. నాకు సిగ్గు వెయ్యలేదు.

అక్క చీర పక్కన పెట్టి వచ్చి, నా తల తన పొట్టకి ఆనించుకుని కాసేపు నిలబడింది. వడియాల డబ్బా ఒకటి నా చేతిలో పెట్టింది.

ఆదివారం పగటి బండికి టిక్కెట్టు. బావగారు స్టేషనుకి రాలేదు. "నడిచాక కూడా వెళ్తానంటే నేనేం చెయ్యనండీ" అని మూతి ముడుచుకుని కూర్చున్నారు. ఆదివారం రద్దీ ఎక్కువని నాన్నా, మా ఆయనా షాపులోనే ఉండిపోయారు. నేనొక్కదాన్నే సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్ళాను. సూట్‌కేసు తేలిగ్గానే ఉంది. చేతిసంచీ మాత్రం రాయిలా ఉంది.

"ఏం పెట్టావక్కా ఇందులో?"

అక్క సంచీ జిప్పు కొంచెం తీసింది. పాత నేత చీరలో చంటిపిల్లలా చుట్టి, ఆకుపచ్చటి బోర్డు.

"నా పేరు మీదున్నది నా దగ్గరుండద్దూ?"

"ఎప్పుడు తీశావు?"

"పొద్దున షాపులో దీపం పెట్టి వస్తానని వెళ్ళానుగా. సైన్సు టీచర్ని, నాలుగు మరలు విప్పడం రాదనుకున్నావా? పెట్టె మూత మళ్ళీ బిగించే వచ్చాను. చూడ్డానికి ఎలా ఉన్నది అలాగే ఉంటుంది."

"బావగారికి చెప్పావా?"

"కావాలంటే వస్తారు. ఊరు తెలుసు. బడి తెలుసు. వచ్చి అడిగితే ఇస్తాను. నేనేం రాక్షసినా?"

బండి కదిలింది. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏడ్చాను. మధ్యలో ఆ చీర మూట గుర్తొచ్చి నవ్వొచ్చింది. పక్కనున్న ముసలాయన నన్ను చూసి కొంచెం దూరం జరిగాడు.

బస్సెక్కి మదీనాగూడలో దిగేసరికి షట్టరు ముందు కార్డులవాళ్ళు విసుగ్గా నిలబడి ఉన్నారు. ఓనరమ్మ మంచం మీంచి, "ఏమైందో ఏమో, మీరు వోయిన కాడికెల్లి గదే లొల్లి" అంది. లోపల బావగారూ మా ఆయనా మిషన్ వెనక తలకాయలు దూర్చి ఉన్నారు. రెండు వీపులు కనిపిస్తున్నాయి.

"వోల్టేజీ అనుకుంటానండి" అంది ఒక వీపు.

"కాదన్నా, కేబులు ఎలుకలు కొరికినట్టుండాయి" అంది రెండోది.

నాన్న డ్రైవరు సీట్లో కూర్చుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ఎదురుగా తెర మీది ఇంగ్లీషు అక్షరాలవైపు గుడ్లప్పగించి చూస్తున్నారు. నన్ను చూడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"వచ్చావా అమ్మా! ఇందాకట్నుంచీ వెతుకుతూనే ఉంది. ఏం వెతుకుతోంది ఇది?"

"అక్కని వెతుకుతోంది నాన్నా" అన్నాను.

వెనకనుంచి రెండు తలకాయలూ బయటికొచ్చాయి. బావగారు నా మొహం చూశారు. తర్వాత స్క్రూ డ్రైవరు తీసుకుని, అక్క పేరు రాసి ఉన్న పెట్టెకి ఒక్కో మరా విప్పారు. మూత ఎత్తారు. లోపల ఖాళీ. ఆ ఖాళీలోకి ఆయన చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. నాన్న స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"తెనాలికి మళ్ళీ బండి ఎప్పుడుందండీ?" అన్నారు బావగారు.

నాకు తెలుసు. స్టేషన్లో చూసుకునే వచ్చాను. కానీ వెంటనే చెప్పలేదు. కాసేపు వెతుక్కోనీ అని ఊరుకున్నాను.